పాత యూదు శ్మశానాన్ని బాగు చేయాలనుకుంటున్నారా? ముందు బ్రష్ పక్కన పెట్టండి

పోలండ్, ఉక్రెయిన్, లిథువేనియా వైపు చిన్న ఊళ్లు తిరిగినవాళ్లకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. ఊరి చివర చెట్లు కమ్మేసిన ఒక గుట్ట, పొదలు తప్పించుకుంటూ లోపలికెళ్తే ఒకదాని మీద ఒకటి వాలిన రాళ్లు, వాటి మీద హీబ్రూ అక్షరాలు. ఒక్క పోలండ్‌లోనే ఇలాంటి యూదు శ్మశానాలు దాదాపు 1,200 ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు అక్కడి యూదులను ఊళ్లకు ఊళ్లే చంపేశారు కాబట్టి, తాత సమాధి దగ్గరికొచ్చి గడ్డి కోసే మనవడు చాలా చోట్ల లేడు. ఇప్పుడు ఆ పని చేసేది ఎక్కువగా బయటివాళ్లే. స్కూలు పిల్లలు, వాలంటీర్లు, ఉద్యోగం కోసం ఆ ఊరొచ్చి పడినవాళ్లు, ఎక్కడో ఇంట్లో కూర్చుని ఫొటోలు చూసి పేర్లు టైప్ చేసేవాళ్లు.

కావాలని రాళ్లు పగలగొట్టేవాళ్ల సంగతి పోలీసులు చూసుకుంటారు. నేను రాస్తున్నది మంచి మనసుతో బకెట్, వైర్ బ్రష్, సిమెంటు బస్తా పట్టుకొచ్చి, మూడొందలేళ్లు నిలిచిన అక్షరాన్ని ఒక్క మధ్యాహ్నంలో చెరిపేసి వెళ్లేవాళ్ల కోసం. నేనూ మొదట్లో అదే బాపతు. బ్రష్ రాయికి తగిలే లోపే ఒక పెద్దావిడ అరిచి ఆపింది, నేను బతికిపోయాను, రాయి కూడా.

ముందు నేల, తర్వాతే రాయి

ఈ ఒక్కటి బుర్రకెక్కితే సగం తప్పులు జరగవు. శ్మశానం అనగానే మన కంటికి ఆనేది రాయి, రాయిని కాపాడితే చాలనుకుంటాం. యూదుల ధర్మశాస్త్రం లెక్క వేరు. పాతిపెట్టిన చోటు ఆ పోయిన మనిషిదే, ఎప్పటికీ. కొన్నేళ్లయ్యాక తవ్వి ఇంకొకరికి ఇవ్వడం ఉండదు. ఇజ్రాయెల్ తీసుకెళ్లి మళ్లీ పాతిపెట్టడం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఎముకలు కదపకూడదు. రాయి పోయినా, గోడ కూలినా, పైన పార్కు వెలిసినా అది శ్మశానమే. హీబ్రూలో దీనికి బేత్ ఓలామ్ అని పేరు, శాశ్వత నిలయం అన్నమాట. బేత్ హయ్యిమ్ అని కూడా అంటారు, అంటే జీవుల ఇల్లు. చావు మాట నోట రానివ్వరు, దీపం ఆరిపోయింది అనకుండా మనం 'కొండెక్కింది' అన్నట్టే అదీను.

ప్రాగ్ పాత యూదు శ్మశానం ఫొటోలు చూసే ఉంటారు, రాళ్లు పళ్లు ఊడిన దవడలా అటూ ఇటూ ఒరిగి కిక్కిరిసి ఉంటాయి. అక్కడ మిగిలిన అతి పాత రాయి 1439లో చనిపోయిన అవిగ్దోర్ కారా అనే రబ్బీది, అంటే యూదు మతగురువుది, ఆయన కవి కూడా. 1787 దాకా అక్కడే పాతిపెడుతూ వచ్చారు. స్థలం పెంచుకునే వీల్లేదు, పాతవాళ్లను కదిపే వీలూ లేదు, కాబట్టి పైన మట్టి తెచ్చి పోసి ఆ పొరలో కొత్త సమాధి కట్టి, కింది రాయిని పైకి తెచ్చి పక్కన నిలబెట్టారు. కొన్ని చోట్ల 12 పొరలున్నాయంటారు. దాదాపు 12,000 రాళ్లు ఆ కాస్త జాగాలో ఇరుక్కుని ఉన్నాయి. టూరిస్టులు ముచ్చటపడే ఆ గజిబిజి అంతా, కింద ఉన్నవాళ్లను కదపకూడదన్న ఒక్క నియమం వల్ల వచ్చింది.

పనిలో దీని అర్థం ఏంటంటే, గడ్డపార ఇంట్లో వదిలేసి రండి. మొక్కలను వేళ్లతో పీకకండి, నేలమట్టానికి కోసి మొదలు అక్కడే వదిలేయండి, ఎందుకంటే ఆ వేళ్లు ఎముకల మధ్య నుంచి వెళ్లి ఉండొచ్చు. రాయి సగం కూరుకుపోయింది, కింది రెండు వరుసలు కనబడట్లేదు, కాస్త మట్టి తీస్తే చాలు అనిపిస్తుంది, అక్కడే ఆగాలి. తవ్వక తప్పదనుకుంటే సంబంధిత రబ్బీల పర్యవేక్షణలోనే. పోలండ్‌లో శ్మశానాల కోసమే ఒక రబ్బీల కమిషన్ ఉంది. ట్రాక్టర్లు, జేసీబీలు లోపలికి రానివ్వకండి. ఇంకో సంగతి, శ్మశానంలో పశువులను మేపకూడదు, అక్కడి గడ్డిని సొంతానికి వాడుకోకూడదు, కోస్తే అక్కడే కాల్చేయాలి అని పాత నియమం. ఇప్పుడు మంట పెట్టడానికి స్థానిక రూల్స్ అడ్డు రావచ్చు కాబట్టి కోసిన గడ్డిని ఏం చేయాలో ముందే అడిగి తెలుసుకోండి, ఎవరి ఆవుకో వేసేయకండి.

ఎవరిని అడగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

అడగకుండా గేటు దూకి శుభ్రం చేయడం సేవ కాదు. స్థలం ఎవరి పేరు మీద ఉందో ముందు కనుక్కోండి. అది యూదు సంఘం కావచ్చు, మునిసిపాలిటీ కావచ్చు, ప్రభుత్వం కావచ్చు, ఒక్కోసారి ప్రైవేటు మనిషి కూడా కావచ్చు. పోలండ్‌లో 2002లో పెట్టిన యూదు వారసత్వ పరిరక్షణ ఫౌండేషన్ చేతిలో చాలా శ్మశానాలున్నాయి. స్థలం రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే ప్రాంతీయ పురావస్తు సంరక్షణాధికారి అనుమతి కూడా కావాలి. జర్మనీలో వారసులు లేని యూదు శ్మశానాల ఆలనా పాలనా కోసం కేంద్రం, రాష్ట్రాలు 1957లోనే ఒప్పందం చేసుకున్నాయి, అక్కడ గడ్డి కోసే బాధ్యత చాలా వరకు ప్రభుత్వ సొమ్ముతోనే నడుస్తుంది. మిగతా చోట్ల కాగితాల పనికి నెలలు పట్టొచ్చు. చిరాకు వస్తుంది, అయినా తప్పదు.

అనుమతి వచ్చాక అందరూ నేరుగా రాళ్ల దగ్గరికి పరుగెత్తుతారు. అసలు మొదట చూడాల్సింది హద్దు. శ్మశానం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే రేపు పక్కవాడి షెడ్డు సమాధుల మీదకొస్తుంది, ఆ మీద ఎన్ని అక్షరాలు కడిగినా లాభం లేదు. పాత భూమి సర్వే పటాలు, యుద్ధకాలంలో విమానాల నుంచి తీసిన ఫొటోలు, ఊళ్లో ముసలివాళ్ల జ్ఞాపకాలు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. 2015 నుంచి ఈఎస్‌జేఎఫ్ అనే సంస్థ తూర్పు ఐరోపా దేశాల్లో చేస్తున్నది ప్రధానంగా ఇదే, డ్రోన్లతో సర్వే చేసి హద్దు తేల్చి కంచె కట్టడం. కంచె, గేటు, 'ఇది యూదు శ్మశానం' అని స్థానిక భాషలో ఒక బోర్డు. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు గానీ నన్నడిగితే డబ్బులు ఒక్క పనికే సరిపోతే ఆ పని ఇదే.

లోపలికి వెళ్లేటప్పుడు మగవాళ్లు తల కప్పుకోవాలి, టోపీ ఏదైనా పర్లేదు. శనివారం, యూదుల పండగల రోజు పని పెట్టుకోకండి. తినడం తాగడం బయటే. సమాధుల మీద నడవకండి. యాజక వంశం వాళ్లు, అంటే కోహెన్లు, సాధారణంగా శ్మశానంలోకి రారు, గుంపులో ఎవరైనా గేటు బయటే నిలబడిపోతే బలవంతం చేయకండి. పూలు కాదు, చిన్న గులకరాయి పెట్టడం వాళ్ల అలవాటు. కాబట్టి సమాధి రాయి మీద కనిపించే గులకరాళ్లను చెత్త అనుకుని తుడిచేయకండి. ఇది వినడానికి నవ్వులాటలా ఉంటుంది గానీ కొత్తగా వచ్చిన ఉత్సాహవంతులు మొదట ఊడ్చేసేది వాటినే.

జర్మనీలోని వర్మ్స్ శ్మశానంలో ఆ గులకరాళ్లు పేరుకున్న రెండు రాళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి రోథెన్‌బర్గ్‌కు చెందిన రబ్బీ మేయిర్‌ది. ఆయన 1293లో ఖైదులో చనిపోతే, డబ్బు కట్టే దాకా శవాన్ని ఇవ్వలేదు. 14 ఏళ్ల తర్వాత, 1307లో, అలెగ్జాండర్ వింఫెన్ అనే ఆయన ఆ సొమ్ము కట్టి శవాన్ని విడిపించాడు, తనను ఆయన పక్కనే పాతిపెట్టాలన్నదే షరతు. పక్క రాయి అతనిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన చోట్లలో ఈ శ్మశానం కూడా ఉంది. ఒక మనిషి సమాధి కోసం ఇంకో మనిషి ఆస్తి ధారపోసిన చోట, మన తొందర కాస్త తగ్గించుకోవచ్చు.

కడగకముందే ఫొటో తీయండి

చాలామంది కడిగితే గానీ చదవలేమనుకుంటారు. నిజానికి చదవడానికి కావాల్సింది నీళ్లు కాదు, వెలుతురు, అదీ పక్క నుంచి పడే వెలుతురు. ఎండ రాయికి ఎదురుగా పడితే అక్షరాలు చదునుగా మాయమైపోతాయి. అదే ఎండ రాయి ముఖాన్ని రాసుకుంటూ పక్కగా జారితే ప్రతి గీతలో నీడ నిలబడుతుంది. చాలా శ్మశానాల్లో రాళ్లు తూర్పుకో పడమరకో తిరిగి ఉంటాయి, అలాంటి చోట మధ్యాహ్నానికి అటూ ఇటూ వచ్చే గంట బంగారం లాంటిది. మబ్బు పట్టిందా, రాయి చెట్టు నీడలో ఉందా, అప్పుడు ఒక పొడవాటి అద్దం తెచ్చుకోండి. ఒకరు కొంచెం దూరంలో ఎండలో నిలబడి అద్దంతో వెలుతురును రాయి మీదకు పక్క నుంచి మళ్లించాలి, ఒకరు ఫొటో తీయాలి. అదీ కుదరకపోతే సాయంత్రం చీకటి పడ్డాక ఎల్‌ఈడీ టార్చ్‌ను రాయి అంచుకు దాదాపు ఆనించి పట్టుకుని, నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు తీయండి. ఒకదాంట్లో లేని అక్షరం ఇంకోదాంట్లో లేచి కూర్చుంటుంది.

అక్షరాల్లో సుద్ద, పిండి, షేవింగ్ క్రీమ్ పూసి తెల్లగా చేసి చదివే చిట్కాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. ఒక్కటీ వద్దు. క్రీమ్‌లోని ఆమ్లం, సబ్బు పదార్థం రాయి రంధ్రాల్లోకి దిగి ఉండిపోతాయి, పిండి నాచుకూ బూజుకూ విందు భోజనం. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం కూడా పెచ్చులూడే రాయికి ప్రమాదమే. మొదటి ఫొటో మొత్తం రాయిది, రెండోది అక్షరాల భాగానిది, మూడోది వెనక వైపు, నాలుగోది చుట్టుపక్కల రాళ్లతో కలిపి. రాయికి ఒక నంబరు ఇచ్చి చేత్తో గీసిన మ్యాపులో గుర్తు పెట్టండి. నంబరును రాయి మీద రాయొద్దని వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే పెయింటుతో రాసినవి నేను చూశాను.

ఇప్పుడు చదవడం

హీబ్రూ రాదుగా అని భయపడకండి. సమాధి రాళ్ల మీద భాష చాలా వరకు ఒకే మూసలో ఉంటుంది, 22 అక్షరాలు గుర్తుపడితే పేరూ తేదీ లాగేయొచ్చు. తెలుగు బైబిల్లో 119వ కీర్తన తెరవండి, ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఆ అక్షరాల పేర్లే వరుసగా శీర్షికలుగా ఉంటాయి. ఆకారాలు ఒక చార్టు నుంచి దింపుకుంటే చాలు. కుడి నుంచి ఎడమకు చదవాలి.

పైన సాధారణంగా పే, నూన్ అని రెండక్షరాలుంటాయి, 'ఇక్కడ పాతిపెట్టి ఉన్నారు' అనే మాటలకు పొడి అక్షరాలు. అడుగున తౌ, నూన్, సాదె, బేత్, హే అని ఐదు. సమూయేలు మొదటి గ్రంథం 25:29లో అబీగయీలు దావీదుతో అనే 'జీవపు మూట' మాట గుర్తుందా, దాని నుంచి వచ్చినదే, 'ఈ ప్రాణం జీవపు మూటలో కట్టబడి ఉండు గాక' అని. ఈ రెంటి మధ్యలో ఉండేది మనిషి. బెన్ అంటే కొడుకు, బత్ అంటే కూతురు. చాలా రాళ్ల మీద ఇంటిపేరే ఉండదు, ఫలానా వారి కూతురు ఫలానా, అంతే. పేరు ముందు ఒక్క రేష్ అక్షరం కనిపించగానే రబ్బీ అని రాసేయకండి, అది చాలాసార్లు 'శ్రీ' లాంటి రెబ్ మాత్రమే. లేకపోతే మీ లెక్కలో ఊళ్లో సగం మంది రబ్బీలైపోతారు.

బొమ్మలు కూడా చదవాల్సినవే. ఆశీర్వదిస్తున్న రెండు చేతులుంటే యాజక వంశం, నీళ్ల కూజా ఉంటే లేవీయుడు, అంటే యాజకులకు సాయం చేసే వంశం వాడు, ఎందుకంటే యాజకుల చేతులు కడిగించేది లేవీయులు. కొవ్వొత్తుల స్తంభం ఎక్కువగా ఆడవాళ్ల రాయి మీద. లేడి ఉంటే పేరు త్సవీ, హిర్ష్, నఫ్తాలి కావచ్చు, సింహం ఉంటే ఆర్యే, లేబ్ లేదా యెహూదా. విరిగిన చెట్టుకొమ్మ అకాల మరణానికి గుర్తు. ప్రాగ్‌లో దర్జీ రాయి మీద కత్తెర కూడా చెక్కారు.

తేదీ దగ్గరే అందరూ బోల్తా పడతారు, అందుకే ఒక ఉదాహరణ నిదానంగా చూద్దాం. రాయి మీద కొవ్వొత్తులు, కింద 'ఫైగె బత్ రెబ్ త్సవీ' అని ఉందనుకోండి. ఫైగె అంటే పిట్ట, తండ్రి పేరు లేడి, ముచ్చటైన కుటుంబం. తర్వాత తేత్, జాయిన్, ఆ పక్కన తేవేత్ అనే నెల పేరు, తర్వాత తౌ, రేష్, సామెహ్, హే. కటపయాది పద్ధతి తెలిసినవాళ్లకు అక్షరాలే అంకెలు కావడం వింత కాదు. తేత్ 9, జాయిన్ 7, కలిపితే 16. పదీ ఆరూ కలిపి రాయొచ్చు కదా అంటే, ఆ రెండక్షరాలు పక్కపక్కన పడితే దేవుడి పేరులో భాగం అవుతుందని 15, 16 మాత్రం ఇలా తిప్పి రాస్తారు. సంవత్సరానికి తౌ 400, రేష్ 200, సామెహ్ 60, హే 5, మొత్తం 665. వాళ్ల లెక్కలో అసలు ఏడాది 5665, ముందున్న ఐదు వేలు రాయడం మానేశారు, మనం పెళ్లి ఫొటో వెనక '84 అని రాసుకున్నట్టు. 665కి 1240 కలిపితే 1905.

అయిపోలేదు. వాళ్ల సంవత్సరం తిష్రీ నెలతో, అంటే సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో మొదలవుతుంది, కాబట్టి అక్కడి నుంచి డిసెంబర్ చివరి దాకా పడే తేదీలకు ఒక ఏడాది తగ్గించాలి. తేవేత్ 16 ఆ ఏడాది 1904 డిసెంబర్ 24న పడింది, శనివారం. ఇంకో మెలిక, వాళ్ల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఫైగె శుక్రవారం రాత్రి పోయి ఉంటే మన క్యాలెండర్లో అది డిసెంబర్ 23. రాయి చెప్పేది అంతవరకే. మార్పిడికి ఆన్‌లైన్ కన్వర్టర్లున్నాయి, వాడండి, కానీ అధికమాసం లాగా అదార్ నెల రెండుసార్లు వచ్చే ఏళ్లలో ఏ అదార్ అన్నది చూసుకోండి.

నేను పడిన బోల్తా చెప్తాను. ఇలాంటి చివరి హేని హేత్ అని చదివాను. హేత్ విలువ 8, మనిషిని ఏకంగా మూడేళ్లు ఎక్కువ బతికించేశాను. ఆ రెండక్షరాలకూ తేడా ఒక్కటే, హేలో ఎడమ కాలు పైకప్పుకు తగలదు, చిన్న సందు ఉంటుంది, హేత్‌లో తగులుతుంది. ఆ సందులో నాచు పట్టి ఉంది. ఎలా తేలిందంటే, అదే రాయి అడుగున ఉన్న ఐదక్షరాల మూసలో చివరిది ఎప్పుడూ హేనే కదా, అదే శిల్పి చేతి రాత కదా, రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అయోమయం పోయింది. అనుమానం వచ్చిన ప్రతిసారీ అదే రాయిలో ఖాయంగా తెలిసిన అక్షరంతో పోల్చండి. దాలెత్ రేష్, బేత్ కఫ్, వావ్ జాయిన్, ఈ జతలు కూడా ఇలాగే ఏడిపిస్తాయి. దాలెత్ 4, రేష్ 200, ఆలోచించుకోండి.

కడగక తప్పదంటే

ఫొటోలో చదవగలిగిన రాయిని కడగాల్సిన పనే లేదు. నాచు పట్టినంత మాత్రాన అది జబ్బు కాదు. కడగాలని నిర్ణయించుకుంటే ముందు వేలి కణుపుతో మెల్లగా తట్టి చూడండి. బోలుగా శబ్దం వస్తే లోపల పొర విడిపోయిందన్నమాట, చెయ్యి తీసేయండి. ఇసుకరాయి చేతికి పొడి రాలుతుంటే కూడా అంతే. అక్షరాల గుంటల్లో నీలం, ఎరుపు, బంగారు రంగు మరకలు కనిపిస్తే ఆగి ఫొటో తీయండి. ఈ రాళ్లకు ఒకప్పుడు రంగులు వేసేవారు, మిగిలింది ఆ కాస్తే.

గట్టి రాయి అయితే ముందు మంచినీళ్లతో బాగా తడిపి, మెత్తటి కుచ్చుల బ్రష్‌తో కింది నుంచి పైకి, తడుపుతూనే రుద్దండి. పై నుంచి మొదలుపెడితే మురికి పొడి రాయి మీద చారలు కట్టేస్తుంది. నాచును గీకాలంటే చెక్క పుల్ల, ఐస్‌క్రీమ్ పుల్ల లాంటిది. వైర్ బ్రష్, బ్లీచింగ్, యాసిడ్, బట్టల సబ్బు, ప్రెషర్ వాషర్, ఇవేవీ గేటు దాటి రాకూడదు. బ్లీచ్‌లోని ఉప్పు రాయిలోకి దిగి, ఆరాక గడ్డకట్టి ఉబ్బి, లోపలి నుంచి పెచ్చులు లేపుతుంది, మీరు వెళ్లిపోయిన రెండేళ్ల తర్వాత. రాత్రికి మంచు గడ్డకట్టే కాలంలో నీళ్ల పని అసలే వద్దు. ఐవీ తీగ అల్లుకుని ఉంటే లాగకండి, మొదట్లో కోసి వదిలేసి, ఎండాక రాలిపోయినంత తీయండి.

పడిపోయిన రాయిని చూస్తే నలుగురు కుర్రాళ్లకు చేతులు దురద పెడతాయి. లెక్క వేయండి, మీటరున్నర పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న ఇసుకరాయి దాదాపు 350 కిలోలు. కాలి మీద పడితే కాలు పోతుంది, నడుమ విరిగితే రాయి పోతుంది. బోర్లా పడిన రాయికి తొందర కూడా లేదు, వానా మంచూ తగలక అక్షరాలు చాలాసార్లు కింద భద్రంగా ఉంటాయి. నిలబెట్టడం రాతి పని తెలిసినవాళ్లు చేయాలి, సున్నపు గచ్చుతో, సిమెంటుతో కాదు. సిమెంటు పాత రాయి కంటే గట్టిది, తేమను లోపల బంధిస్తుంది, చివరికి పగిలేది రాయే. ఇనుప కడ్డీలు కూడా తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తాయి.

ఊళ్లో దొరికిన రాళ్ల సంగతి వేరు. నాజీలు శ్మశానాల రాళ్లు పీకించి రోడ్లకు, కాలిబాటలకు పరిపించారు. పోలండ్‌లో క్రాకోవ్ దగ్గరి ప్వాషూవ్ అనే నాజీ నిర్బంధ క్యాంపును రెండు యూదు శ్మశానాల మీదే కట్టారు. గ్రీస్‌లోని థెస్సలోనికీలో 1942 డిసెంబర్‌లో మొదలుపెట్టి ఐరోపాలోకెల్లా అతి పెద్ద యూదు శ్మశానాల్లో ఒకదాన్ని పెకలించేశారు, ఇప్పుడు అక్కడ విశ్వవిద్యాలయం ఉంది. కాబట్టి పాత ఇంటి మెట్టు కిందో, పెరటి అరుగులోనో, సాన రాయిగానో ముక్క బయటపడటం మామూలే. అలా దొరికితే ఇంటివాళ్లతో గొడవకు దిగకండి, వాళ్లకు అది తాతల నాటి మెట్టు. ఎక్కడ, ఏ వైపు తిరిగి ఉందో ఫొటో తీసి, స్థానిక యూదు సంఘానికో సంరక్షణాధికారికో చెప్పి తీయించండి. తెచ్చిన ముక్కను శ్మశానంలో ఖాళీగా కనిపించిన చోట నాటేయకండి, అది వేరే మనిషి సమాధి కావచ్చు. క్రాకోవ్‌లో 1535 నాటి రెము శ్మశానంలో ముక్కలన్నీ కలిపి గోడ కట్టారు. పోలండ్‌లోనే కజిమీర్జ్ డోల్నీ అనే ఊళ్లో 1984లో అలాంటి గోడే కట్టి, మధ్యలో పై నుంచి కింది దాకా చీలిక వదిలారు. ఎవరి రాయో తెలియనప్పుడు చేయగలిగిన మర్యాద అది.

ఇంటికొచ్చాక ఫొటోలు కంప్యూటర్లో పడేసి మర్చిపోతే పనంతా దండగ. యూదుల వంశవృక్షాల వెబ్‌సైట్ జ్యూయిష్‌జెన్ వాళ్ల ప్రపంచ సమాధుల రిజిస్టర్‌లో ఎక్కించొచ్చు, జర్మనీ రాళ్లకైతే ఎపిడాట్ అనే డేటాబేస్ చూడండి, మీ శ్మశానం పని అప్పటికే సగం అయిపోయి ఉండొచ్చు. ఎక్కించేటప్పుడు హీబ్రూలో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మీ అనువాదం ఇంకో గడిలో. చదవలేని అక్షరం దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి, ఊహించి నింపకండి. ప్రతి ఎంట్రీకి అసలు ఫొటో, ఎడిట్ చేయనిది, జత చేయండి. నాలాంటివాడు హేని హేత్ అని చదివితే దిద్దేవాళ్ల చేతిలో ఉండేది అదొక్కటే.